సెయ్యట్టు బండ

రామతీర్థం దాటి, తారురోడ్డు వదిలి, జీడితోటల మధ్య మట్టిదారిన పోతే ఒక ఒంటరి గుట్ట వస్తుంది. దాని పడమటి ముఖం కత్తి పెట్టి నిలువునా కోసినట్టుంటుంది. ఆ చుట్టుపక్కల మేకలు కాసేవాళ్ళు దాన్ని సెయ్యట్టు బండ అంటారు. పగలు దాని నీడలోనే కూర్చుని చద్దన్నం తింటారు. పొద్దు వాలిందా... మేకలన్నీ వచ్చాయో లేదో కూడా చూసుకోకుండా అవతలికి తోలుకుపోతారు.

బండ మధ్యలో, పైనుంచి కింద దాకా ఒక చీలిక ఉంది. చీకటి పడ్డాక అందులో చెయ్యి పెడితే — లోపల్నించి ఇంకో చెయ్యి పట్టుకుంటుంది.

పట్టుకున్నాక వదలదు.

ఆ చెయ్యి దాలమ్మది. ఏ కాలం మనిషో ఎవరికీ తెలీదు. చెల్లెల్ని వెంటబెట్టుకుని సీతాఫలాలకని గుట్టెక్కింది. చెల్లెలు అంచున కాలు జారింది. దాలమ్మ బోర్లా పడుకుని, ఆ చీలికలోకి చెయ్యి చాపి, పిల్ల చెయ్యి అందుకుంది. చాలాసేపు పట్టుకుంది. కేకలేసింది. ఎవరూ రాలేదు. పొద్దుగూకే దాకా పట్టుకుంది... ఆ తర్వాత పట్టు జారింది.

చెల్లెలు కింద దొరికింది. దాలమ్మ ఎక్కడా దొరకలేదు.

అందుకే ఏటా మేకలవాళ్ళు వెనక దారిన గుట్ట మీదకెళ్ళి, ఆ చీలికలోకి బియ్యప్పిండి చల్లి, దండం పెట్టుకుని, తిరిగి చూడకుండా దిగొచ్చేస్తారు.

ఇదీ బండకున్న పేరు. ఇక మా బావకున్న పేరు చెబుతాను.

మా పృథ్వీరాజ్ బావ మా మేనత్త కొడుకు. కోటబొమ్మాళి అవతల వాళ్ళకి వరిచేలున్నాయి. ఊళ్ళో వాళ్ళంతా పండించడానికి పుడితే బావ తినడానికి పుట్టాడు. అందులోనూ మామిడి తాండ్ర కనిపించిందంటే, చేతిలో పసిపిల్ల ఉన్నా కింద దించేసే రకం.

బావ ఆ బండెక్కిన రోజు నేనక్కడ లేను. నాకు పరీక్ష. బావ చెప్పింది, అతని నేస్తాలు ఉమాశంకర్ చెప్పింది, యమున చెప్పింది, మూడూ కలిపి, బావ తన వంతుగా చేర్చుకున్న ధైర్యసాహసాలు వడగట్టి మీకు చెబుతున్నాను. వడగట్టాక అడుగున పెద్దగా ఏమీ మిగల్లేదు. ఏం చేస్తాం.

ముగ్గురూ ఎచ్చెర్లలో కలిసి చదువుకున్నారు. అప్పుడేదో శిబిరంలో బండలెక్కడం నేర్చుకున్నారు. చదివిన చదువంతా మర్చిపోయారు గానీ ఇదొక్కటీ మర్చిపోలేదు. ఉమాశంకర్‌ది చింతపల్లి వైపు సముద్రపొడ్డు. తాత, తండ్రి వలలు లాగిన చేతులు అతనికొచ్చాయి. ఆ చేతుల్లో తాడు పడిందంటే గుంజకి కట్టినట్టే. యమునది విజయనగరం. ముగ్గురిలో తెలివి తనదే అని ఆమే చెబుతుంది, మిగతా ఇద్దర్నీ చూశాక మనమూ ఒప్పుకోవాలి.

అది రెండువేల పదిహేడు కార్తీకం. లోకమంతా వనభోజనాలకి పోతుంటే వీళ్ళు బండెక్కడానికి పోయారు. దారిలో టీకొట్టు బుల్లమ్మ వీళ్ళ భుజాల మీద తాళ్ళు చూసి, ఎవరి నూతిలో పూడిక తీత్తన్నారని అడిగిందట. కాదు, బండెక్కుతామన్నారు. పైన ఏటున్నాదని అడిగింది. ఏమీ లేదన్నారు. పాపం, చాలాసేపు జాలిపడింది. గ్లాసులు కడుక్కుంటూ, ఆఖర్న ఒక్క మాట అంది.

"ఎక్కితే ఎక్కండి గానీ బాబూ... పొద్దోలినాక ఆ సీలికలో సెయ్యెట్టకండి."

బావ టీ తాగుతూ నవ్వాడు. పట్టుకునేది ఆడమనిషే కదా, పర్లేదన్నాడు. ఈ మాట తను అనలేదంటాడు. మిగతా ఇద్దరూ అన్నాడంటారు.

వెనక దారిన గుట్ట మీదకెళ్ళి, తాడుని పైన రాయికి వేసిన కొక్కెంలోంచి దూర్చి, రెండు కొసలూ కిందకి వదిలారు. ఒక కొస ఎక్కేవాడి నడుం పట్టీకి. రెండోది కింద నిలబడ్డవాడి నడుముకి. ఎక్కేవాడు పైకి పోయేకొద్దీ కిందవాడు తాడు లాక్కుంటూ ఉంటాడు. పైవాడు జారితే కిందవాడు బిగించి ఆపుతాడు. అలసిపోతే తాడు మీద ఉయ్యాల్లా కూర్చోవచ్చు కూడా.

మధ్యాహ్నమంతా యమున, ఉమాశంకర్ ఎడమవైపు నుంచి ఎక్కి దిగారు. బావ వంతు వచ్చేసరికి పొద్దు జీడితోటల మీదకి వంగింది. బావ ఎడమవైపు వద్దన్నాడు. చీలిక వెంట ఎక్కుతానన్నాడు.

తాడులో ముందు ఎక్కినవాళ్ళ సగం ముడి అలాగే ఉంది. కొసని నడుం పట్టీలోంచి దూర్చి, మళ్ళీ ఆ సగం ముడి వెంటే వెనక్కి తిప్పి బిగించాలి. అప్పుడే అది ముడి. తిప్పకపోతే కొస ముడెయ్యని దారమే — సూదిలోంచి దారం జారినట్టు, బరువు పడగానే జారిపోతుంది.

బావ కొస దూర్చాడు. సరిగ్గా అప్పుడే యమున సంచి విప్పింది.

భీమాళి తాండ్ర. పొరలు పొరలుగా, బెల్లం రంగులో. బావ రెండు చేతులూ చాపాడు. పెద్ద ముక్క తిన్నాడు, ఇంకోటి బుగ్గన పెట్టుకున్నాడు, వేళ్ళు నాక్కున్నాడు, పొద్దు పోతందంటూ బండ దగ్గరికి నడిచి కాలు మోపాడు.

ఎక్కేముందు ఒకరి ముడి ఇంకొకరు చూడాలి. అది వాళ్ళకి మొదటి రోజే నేర్పిన పాఠం. ఉమాశంకర్ అడుగుదామనే అనుకున్నాడట. కానీ నోట్లో తాండ్ర పళ్ళకి అతుక్కుపోయింది. అది వదిలించుకునేసరికి బావ కాలు బండ మీదకెళ్ళిపోయింది. ఉమ ఇంట్లో, పడవ వైపు అడుగేసిన మనిషిని వెనక నుంచి పిలవరు. ఏమైనా మర్చిపోయావా అని కూడా అడగరు. అడిగితే కీడు. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. మాట నోటి దాకా వచ్చి, తాండ్రతో పాటు లోపలికి పోయింది.

బావ ఎక్కుతున్నాడు.

మూడు తాటిచెట్ల ఎత్తుంటుంది ఆ బండ. సగం పైకి పోయాక చీలిక అంచుల్లో తెల్లగా పొడి కనిపించింది. బండలెక్కేవాళ్ళు చేతులకి చెమట పట్టకుండా తెల్ల సుద్దపొడి రాసుకుంటారు. వాళ్ళు పట్టిన చోటల్లా ఆ మరక మిగులుతుంది. వెనకొచ్చేవాడికి అదే గుర్తు, ఇక్కడ పట్టు బాగుందని. బావకి సంబరమైపోయింది. మనకన్నా ముందెవరో ఎక్కారని కిందకి కేకేశాడు.

అది సుద్ద కాదని మీకు తెలుసు. నాకు తెలుసు. బావ మాత్రం దాలమ్మ నైవేద్యంలో చెయ్యి పెట్టాడు.

చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. లోపల చల్లగా ఉంది. పిడికిలి బిగించాడు. చీలికలో పిడికిలి బిగిస్తే అది మేకులా ఇరుక్కుంటుంది, దాని మీద బరువేసి పైకి పోవచ్చు. అదీ పద్ధతి. పట్టు బాగానే దొరికింది. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. పొద్దు తోటల వెనక్కి దిగింది. బండ మీద ఎరుపు ఆరిపోయింది.

చెయ్యి తీయబోయాడు.

రాలేదు.

తిప్పి చూశాడు. రాలేదు. లాగాడు... లాగిన కొద్దీ మణికట్టు చుట్టూ ఏదో బిగుసుకుంది. ముందు ఒకటి. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. వేళ్ళలాగా — ఒకదాని తర్వాత ఒకటి.

బావ అరవలేదు. ధైర్యం వల్ల అంటాడు. గొంతు రాలేదని యమున అంటుంది.

కింద ఉమకి తాడు కదలడం లేదని మాత్రమే తెలుస్తోంది. ఏమైందని అడిగితే, చెయ్యి ఇరుక్కుందని చిన్నగా జవాబొచ్చింది. ఎక్కడ అని అడగలేదు. ఎక్కడో ఉమకీ తెలుసు.

తాడు బిగించి పైకి లాగమంటావా అని అడిగాడు ఉమ. వద్దన్నాడు బావ. అప్పటికే మణికట్టు విరిగిపోయేలా ఉంది. ఇంకాస్త మెలిపడితే ఆ చెయ్యి ఇక చెయ్యిగా పనికిరాదు. కుడిచెయ్యి. తినే చెయ్యి. నవ్వకండి, ఆ చీకట్లో బావ నిజంగానే అది తలుచుకున్నాడట. ఇక అమ్మ ముద్దలు కలిపి పెట్టాలేమో అని.

యమున సాయం కోసం పరిగెత్తింది. ఫోన్లకి అక్కడ సిగ్నల్ లేదు. బుల్లమ్మ కొట్టు కట్టేసి ఉంది. మట్టిదారిలో బండి మీద ఇద్దరు ఎదురైతే చెయ్యడ్డం పెట్టి ఆపింది. ఎక్కడ ఇరుక్కున్నాడని అడిగారు. చూపించింది. బండి అయితే కదిలింది గానీ, ఆ వైపు కాదు.

తిరిగి వచ్చేసరికి పూర్తిగా చీకటి. ఉమ అలాగే నిలబడి ఉన్నాడు. అతను తాడు వదల్లేడు. బావ చెయ్యి తీయలేడు. వాళ్ళిద్దర్నీ వదిలి యమున ఇంకెక్కడికీ పోలేదు. పైన ఒక్క పిడికిలి బిగిసింది, ముగ్గురూ ఇరుక్కున్నారు.

పైన బావ ఒంటరిగా... ఒంటరిగా అనకూడదేమో.

బతిమాలడం మొదలుపెట్టాడు. గొంతు తగ్గించి, చీలిక అంచుకి నోరానించి.

"ఇడమ్మా... నీ పిండి నాను తినలేదు. తెలీక సెయ్యెట్టీసినాను. ఇడిసెయ్..."

అన్న ప్రతిసారీ పట్టు ఇంకాస్త బిగిసేది. బావ ఊరుకుంటే అదీ ఊరుకునేది. పక్కన ఎవరో ఊపిరి బిగబట్టినట్టు — అంత నిశ్శబ్దం. జీడితోటల్లో ఒక నక్క కూసి ఆగిపోయింది. బావ అప్పటికే చాలాసేపు మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. కాళ్ళు ఇంకెంతోసేపు ఆగవు.

కింద ఉమ ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు.

"సూడు మావా. సెయ్యి మీద నీ బరువుంది, అందుకే రాటం లేదు. నాను గట్టిగా లాగి పట్టుకుంతాను. నువ్వు కాళ్ళు వదిలేసి తాడు మీద కూసో. బరువు తగ్గితే సెయ్యి దానంతటదే ఊడొస్తాది. నొప్పి ఒక్క రవ్వ ఓర్చుకో."

మంచి ఉపాయమే. యమునకీ నచ్చింది. ఎవరికైనా నచ్చుతుంది.

బావ సరేనన్నాడు. కూర్చునే ముందు, కాళ్ళ కింద ఏముందో చూసుకుందామనుకున్నాడు. నుదుటికి కట్టుకున్న లైటుంది గానీ, ఇంతసేపూ ఎడంచెయ్యి బండ మీంచి తీయడానికి భయపడ్డాడు. ఇప్పుడెలాగూ తాడు మీద కూర్చోబోతున్నాడు కదా. ఎడంచెయ్యి మెల్లిగా ఎత్తి, మీట నొక్కాడు.

కాళ్ళు చూసుకున్నాడు. నడుం చూసుకున్నాడు.

తాడు కొస పట్టీలోంచి దూరి ఉంది.

అంతే. వెనక్కి తిరగలేదు. ముడి లేదు. ఎక్కుతూ ఎక్కుతూ, గుంజుకుంటూ గుంజుకుంటూ జారి... ఇప్పుడు బెత్తెడు మిగిలింది. బల్లి తోకంత.

"లాగమంటావా మావా?" కింద నుంచి ఉమ.

ఉమ లాగితే ఆ బెత్తెడూ పట్టీలోంచి బయటికొచ్చేస్తుంది. తాడు పైకి పోతుంది, బావ కిందకి పోతాడు. చెయ్యి ఊడినా అంతే. ఆ బండ మీద బావని పట్టుకుని ఉన్నది ఒకే ఒక్కటి — ఇంతసేపూ వదలమని అతను బతిమాలుతున్నది.

బావ పెదాలు చీలికకి ఆనించాడు.

"ఇడవకమ్మా."

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత... మణికట్టు మీద పట్టు సడలింది. సడలి, కొంచెం పైకి జరిగి, ఇంకా గట్టిగా బిగిసింది — బరువైన మనిషిని పట్టుకున్నవాళ్ళు పట్టు మార్చుకున్నట్టు.

"ఉమా... తాడు లాగకు."

"ఏటైంది?"

"కొంచెం వదులియ్యి. మెల్లిగా. నాను సెప్పినదాకా లాగకు."

అరిస్తే ఉమ కంగారుపడి లాగేస్తాడని, బావ ఆ మాటల్ని ఇంట్లో మంచినీళ్ళడిగినట్టు అడిగాడు. మా బావ జీవితంలో తెలివైన పని ఏదైనా చేశాడంటే అదొక్కటే. నేనైనా ఒప్పుకుంటాను.

తాడు వదులైంది. ఎడంచేత్తో కొస పట్టుకుని, ఇంకొంచెం లాక్కుని, పళ్ళతో కరిచి పట్టుకుని, సగం ముడి వెంట వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. ఒక మలుపు. కొస జారింది... మళ్ళీ పట్టుకున్నాడు. తాడంతా తాండ్ర తీపి. రెండో మలుపు. కుడికాలు అంచు మీంచి జారిపోయింది. ఒళ్ళంతా గాల్లోకి ఊగింది. బరువంతా ఆ కుడిచేతి మీదే పడింది.

పట్టు జారలేదు.

కాలు మళ్ళీ ఆనించి, ఆఖరి మలుపు దూర్చి, పళ్ళతో బిగించాడు. లైటు వెలుగులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఇప్పుడది ముడి.

తాడు బిగించమని ఉమకి చెప్పాడు. నడుం పట్టీ బిగుసుకుంది. బరువు తాడు మీదకి వచ్చింది.

అప్పుడు చీలిక వైపు తిరిగి, చిన్నగా...

"ఇప్పుడిడు, తల్లీ."

చెయ్యి వెన్నలోంచి తీసినట్టు వచ్చేసింది.

ఉమ బావని కిందకి దింపాడు. యమున తాండ్ర ముక్క ఇస్తే వద్దన్నాడట. అప్పుడు గానీ ఆమెకి భయం వెయ్యలేదు. బావ జరిగిందంతా చెప్పాక, ఉమాశంకర్ ఆ ముడిని చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తాతల నాటి చేతులు, గాలివానలో కూడా తాడు వదలని చేతులు... లైటు వెలుగులో ఆ ఒక్క ముడినీ వదల్లేకపోయాయి.

"అడుగుదామనుకున్నాను మావా," అన్నాడు. "అడుగేసినోణ్ణి పిలవకూడదని..."



తెల్లారాక, భయం తగ్గాక, ఉమే అసలు సంగతి విడదీసి చెప్పాడు. చీలికలో పిడికిలి బిగిసి ఉంది. భయం వేస్తే మనిషి పిడికిలి ఇంకా బిగిస్తాడు. వదులు వదులు అని బావ బతిమాలుతున్న కొద్దీ తనే బిగించాడు. తాడు మీద కూర్చున్నాక భయం పోయింది, పిడికిలి విడింది, చెయ్యి వచ్చింది. మణికట్టు చుట్టూ వేళ్ళంటావా, చెయ్యి తిమ్మిరెక్కితే అలాగే ఉంటుంది. దెయ్యమూ లేదు, దాలమ్మా లేదు. ఇక ఆ బెత్తెడు కొస జారకుండా ఆగిందంటే, తాండ్ర జిగురు వల్లే ఆగిందని, బావ ప్రాణం కాపాడింది తనేనని యమున తేల్చేసింది.

నాకు ఇది మహా నచ్చింది. తన చెయ్యి తనే పట్టుకుని, తనకి తనే దండాలు పెట్టుకున్న బావ! వారం రోజులు నిద్ర పోనివ్వలేదు. ఎదురైనప్పుడల్లా నా మణికట్టు నేనే పట్టుకుని, ఇడమ్మా, ఇడవకమ్మా అని ఏడ్చి చూపించాను. అత్త కూడా నవ్వింది. బావ నవ్వలేదు. ఆదివారం నాడు సంచీలో ఒక పొట్లం బియ్యప్పిండి, తాండ్ర ముక్క ఒకటి పెట్టుకుని బయల్దేరాడు. నాకు ఏనాడూ ఒక్క ముక్క మిగల్చనివాడు! ఊరుకుంటానా? నేనూ వెళ్ళాను.

పట్టపగలు. ఎండ. ముడి నేనే వేసుకున్నాను, యమున చూసింది, ఉమ చూశాడు. కాలు మోపి రెండు మూడు అడుగులు పైకి పోయాక, ఉమాశంకర్ వెనక నుంచి పిలిచి మరీ ముడి చూసుకున్నావా అని అడిగాడు. ఆ అడగడం అతనికెంత కష్టమైందో గొంతులోనే తెలిసింది.

ఆ చోటు వెతుక్కోనక్కర్లేకపోయింది. బావ తాండ్ర వేళ్ళు తగిలిన అంచు మీద చీమలు ఇంకా బారు కట్టి ఉన్నాయి. అంచంతా తెల్లగా పిండి. సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాను. మోచేతి దాకా.

పిడికిలి బిగించాను.

బిగించాను గానీ... దేనికీ తగల్లేదు. వేళ్ళు చాపాను. అప్పుడూ తగల్లేదు. జాడీలో ఊరగాయ కలిపినట్టు చెయ్యి చుట్టూ తిప్పాను. రెండో చెయ్యి కూడా పెట్టి, రెండు పిడికిళ్ళూ పక్కపక్కన ఆనించి చూశాను. అటూ ఇటూ ఇంకా ఖాళీ మిగిలింది. బావ తలకాయ పెట్టినా పడుతుంది ఆ చీలికలో.

అంత వెడల్పు చీలికలో పిడికిలి ఎలా ఇరుక్కుంటుంది?

కింద నుంచి ముగ్గురూ తలలెత్తి చూస్తున్నారు. నేను నోరు చీలిక దగ్గర పెట్టి, "దాలమ్మా, నేను హేమని... పృథ్వీరాజ్ మరదల్ని," అన్నాను. చెయ్యి అలాగే ఉంచాను. లోపల చల్లగా ఉంది. చాలాసేపు ఉంచాను.

ఎవరూ పట్టుకోలేదు.

నిజం చెప్పొద్దూ, కొంచెం చిన్నతనమనిపించింది. చెయ్యి తీసుకుంటూ కిందకి చూశాను. నా నడుం దగ్గర ముడి — మూడుసార్లు చూసిన ముడి — గట్టిగా, నిండుగా ఉంది.

ఆవిడకి నాతో పనేముంది?